లంద వాసన మరువని లూయీ పాశ్చర్

కుక్కకాటు టీకా కనుగొన్న పాశ్చర్ గురించి మనమందరం హైస్కూల్లో చదువుకున్నాం. ఆ పని చేసేనాటికి ఆయన పక్షవాతం మనిషి అని మాత్రం పీజీకి వచ్చాకే మాకు తెలిసింది.

ఆయన 1822లో ఫ్రాన్సులోని డోల్ పట్టణంలో పుట్టారు. తండ్రి తోళ్లు ఊనేవారు. 15 ఏళ్లప్పుడు చదువుకని పారిస్ వెళ్లి, ఇంటి లంద వాసన మీద బెంగపడి తిరిగొచ్చేశారు. మొదటి నెలలోనే ట్రంకుపెట్టె వదిలేసి ఊరికి పారిపోయిన మన తమ్ముళ్లకు ఈ సంగతి చెప్పాలి!

1868 అక్టోబరు 19న, 45వ ఏట, ఎడమ కాలూ చేయీ పడిపోయాయి. కొద్దిరోజులకే మంచంలో ఉండి పట్టుపురుగుల రోగంపై తన పరిశోధన చెప్పి రాయించారు. ఈనాటి ఫిజియోథెరపీ ఆనాడు లేదు. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి నాలుగడుగులకు వచ్చారు. మూడు నెలలకే, 1869 జనవరిలో, దక్షిణ ఫ్రాన్సులోని పట్టుపురుగుల దగ్గరికి బయల్దేరారు. కాలు ఈడ్పు పోలేదు, చేయి పూర్తిగా స్వాధీనం కాలేదు. సున్నితమైన చేతిపనులు సహాయకులు చేసేవారు.

మన ఊళ్లలో పక్షవాతం వస్తే మూలన మంచం వేసేస్తారు. ఏడాది దాటినా వ్యాయామంతో కొంత కదలిక రావచ్చని వైద్యులు ఇప్పుడు చెబుతున్నారు.

1881లో గొర్రెల ఆంత్రాక్స్ టీకాను అందరి ఎదుట నిరూపించారు. 1885 జూలై 6న పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌ను తల్లి తీసుకొచ్చింది. పాశ్చర్ డాక్టరు కాదు గనుక సూది వేసింది గ్రాంషే అనే వైద్యుడు. పిల్లవాడు బతికాడు. పెద్దయ్యాక పాశ్చర్ సంస్థలోనే కాపలాదారుగా పనిచేశాడు.