తిట్లే జీతం

చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులు ఆడారా? ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంక్... గెలుపోటములన్నీ వీటి మీదే. ఏ కార్డు మీదా ప్రింట్ చేయని స్కిల్ ఒకటుంది. ఎదుటివాళ్లకి ఒళ్లు మండించడం! దాన్నే నమ్ముకుని అమెరికా, జపాన్‌లను ఊపేసిన మనిషి ఫ్రెడ్ బ్లాసీ. తమాషా ఏంటంటే, ఆ స్కిల్ తనలో ఉందని తెలుసుకోవడానికి అతనికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. 55 ఏళ్లకు ఇక నువ్వు పనికిరావని రూల్ చెప్పినప్పుడు మళ్లీ ఆదుకున్నదీ అదే.

బ్లాసీ 1918 ఫిబ్రవరి 8న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. అమ్మానాన్న జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు. కుర్రాడిగా మాంసం కొట్టే పనిలో కుదిరాడు. పక్కనే కుస్తీ పిచ్చి. అప్పట్లో ఊరూరా తిరిగే కార్నివాళ్లలో కుస్తీ పోటీలు పెట్టేవారు. 1930ల మధ్యలో అక్కడే మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం రాగానే నేవీలో చేరాడు. తిరిగొచ్చాక 'సెయిలర్' ఫ్రెడ్ బ్లాసీ అని పేరు తగిలించుకున్నాడు. దేశం కోసం పనిచేసిన మంచి కుర్రాడి వేషం. రెజ్యూమేలో చూడటానికి బాగానే ఉంది కానీ, జనం పెద్దగా పట్టించుకోలేదు.

ఇక్కడ ఆ ఫీల్డ్ ఎలా నడుస్తుందో కాస్త చెప్పాలి. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. దెబ్బలు నిజం, ఫలితం మాత్రం స్క్రిప్టు. అప్పటి రెజ్లర్‌కి నెల జీతం ఉండేది కాదు. ఆ రాత్రి ఎన్ని టికెట్లు తెగాయో చూసి వాటా ఇచ్చేవారు. కాబట్టి బాగా కుస్తీ పట్టేవాడికంటే హాలు నింపేవాడికే గిరాకీ. హాలు నిండాలంటే జనం ఒకణ్ని ప్రేమించాలి, ఇంకొకణ్ని చితక్కొట్టాలన్నంతగా ద్వేషించాలి. ఆ రెండో రకం వాడిని 'హీల్' అంటారు. మన భాషలో విలన్.

1950లలో అమెరికా దక్షిణాది ఊళ్లలో తిరుగుతున్నప్పుడు బ్లాసీ ఈ లెక్క అర్థం చేసుకున్నాడు. నల్లజుట్టుకి పసుపు రంగేశాడు. మైక్ ముందుకొస్తే ఊరిని, ఊళ్లోవాళ్లని కలిపి తిట్టడం మొదలెట్టాడు. నచ్చాలని ఇన్నేళ్లు పడ్డ పాట్లకి రాని ఫలితం నచ్చకపోవడంతో వచ్చేసింది. టికెట్లు తెగాయి.

పళ్లకి ఆకురాయి

1961లో లాస్ ఏంజెలెస్‌లో ఎడ్వర్డ్ కార్పెంటియర్‌ని ఓడించి వరల్డ్ టైటిల్ పట్టాడు. అక్కడ టీవీ ఉంది. బ్లాసీ టీవీని మిగతావాళ్లకంటే ముందే పట్టేశాడు. ప్రత్యర్థుల్ని కొరకడం అతని ట్రేడ్‌మార్క్. అందుకని ఇంటర్వ్యూలో కూర్చుని ఆకురాయితో పళ్లు అరగదీసుకుంటున్నట్టు చూపించేవాడు! అంతే, 'వాంపైర్' అని పేరొచ్చింది. మరుసటి ఏడాది జపాన్ వెళ్లి అక్కడి జాతీయ హీరో రికిడోజాన్‌తో తలపడ్డాడు. ఆ రక్తం, ఆ కొరుకుళ్లు టీవీలో చూసి కొందరు వృద్ధులు గుండె ఆగి చనిపోయారని అక్కడి పత్రికలు రాశాయి. బ్లాసీ మాత్రం ఆ సంఖ్యని తర్వాత చెప్పిన ప్రతిసారీ పెంచుకుంటూ పోయాడు. అదీ అతని మార్కెటింగ్.

తిట్లలో అతని సొంత బ్రాండ్ 'పెన్సిల్ నెక్ గీక్'. పెన్సిల్‌లా సన్నటి మెడ ఉన్న గీక్ అని. గీక్ అంటే అప్పట్లో కంప్యూటర్ పిచ్చోడు కాదు. కార్నివాల్లో బతికున్న కోడి తల కొరికి చూపించి పొట్ట పోసుకునేవాడు. కార్నివాళ్ల నుంచి వచ్చిన బ్లాసీకి ఆ మాట అలా తెలుసు. ఈ సంగతి తెలిసే నాటికి నా బ్లాగ్ ప్రొఫైల్‌లో 'టెక్ గీక్' అని గర్వంగా రాసుకుని నాలుగేళ్లయింది. ఇంకా తీసేయలేదు, అది వేరే విషయం. బ్లాసీ 1970లలో ఆ తిట్టు మీద ఏకంగా ఒక పాటే రికార్డు చేశాడు. రేడియోలో బాగా ఆడింది.

ఇదంతా సరదాగా ఉంది కదా. బిల్లు మాత్రం గట్టిగానే పడింది. ఫలితం ముందే అనుకున్నదని బయటికి పొక్కనివ్వకపోవడం ఆ రోజుల్లో వృత్తి ధర్మం. అందుకే విలన్ రింగ్ దిగాక కూడా విలనే. జనం నిజంగా నమ్మేవారు. ప్రేక్షకుల చేతిలో 21 సార్లు కత్తిపోట్లు తిన్నానని బ్లాసీ లెక్క చెప్పుకునేవాడు. జపాన్ లెక్క చూశాం కాబట్టి ఇందులోనూ కొంత కలిపాడేమో అనిపిస్తుంది. సగానికి సగం కొట్టేసినా పది పోట్లు. యాసిడ్ కూడా పోశారు. నటన బాగా కుదిరినందుకు ఇంత శిక్ష పడే ఉద్యోగం ఇంకోటి నాకు తెలీదు.

విచిత్రంగా, అంత తిట్టిన లాస్ ఏంజెలెస్ జనమే చివరికి అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి చూసీ చూసీ మనవాడే అనుకున్నారు. 1971లో జాన్ టోలోస్ అనే ఇంకో విలన్ టీవీలో బ్లాసీ కళ్లల్లో పొడి కొట్టాడు. చూపు పోయిందని కథ నడిపారు. ఆగస్టు 27న కొలీసియం స్టేడియంలో వీళ్లిద్దరి పోరు చూడటానికి 25,847 మంది వచ్చారు. అప్పటికి బ్లాసీకి 53 ఏళ్లు.

లైసెన్స్ ఇవ్వం

కాలిఫోర్నియాలో 55 దాటిన రెజ్లర్‌కి లైసెన్స్ ఇచ్చేవారు కాదు. రింగ్‌లో జీవితం అక్కడితో సరి. చదువు చూస్తే అంతంతే, చేతిలో ఇంకో పని లేదు, ఒంటినిండా పాత గాయాలు. అప్పుడు న్యూయార్క్ ప్రాంతంలో షోలు నడిపే విన్స్ మెక్‌మాన్ సీనియర్ పిలిచాడు. ఇవాళ్టి డబ్ల్యూడబ్ల్యూఈకి అది పాత రూపం. ఇచ్చిన పోస్టు: మేనేజర్.

మేనేజర్ అంటే డేట్లు చూసే మనిషి అనుకునేరు. అదీ ఒక వేషమే. మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు గుర్తు తెచ్చుకోండి. కోడ్ మొత్తం రాసేది ఒకడు. వైవాలో నోరు పెగలక అదే ఒకడు నిలబడిపోతాడు. పక్కనున్నవాడు మొత్తం చెప్పేసి గట్టెక్కిస్తాడు. (మా బ్యాచ్‌లో నేను నోరు పెగలని వాడిని.) రెజ్లింగ్‌లోనూ అంతే. ఏడడుగుల మనిషి ఉంటాడు, మైక్ పెడితే రెండు ముక్కలు రావు. సరిగ్గా వాడి పక్కన నిలబడి, వాడి తరఫున జనాన్ని తిట్టి, వచ్చే నెల మాడిసన్ స్క్వేర్ గార్డెన్ టికెట్లు అమ్మిపెట్టడమే మేనేజర్ పని.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ కంపెనీలో ఛాంపియన్ దాదాపు ఎప్పుడూ హీరోనే. విలన్లు వస్తారు, భయపెడతారు, రెండు మూడు నెలల్లో ఓడి వెళ్లిపోతారు. మేనేజర్ మాత్రం వెళ్లడు. ఓడిపోయినవాడి మీద జనానికున్న కోపాన్ని పోగేసి, కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజే అప్పగిస్తాడు. కెప్టెన్ లూ ఆల్బానో, గ్రాండ్ విజర్డ్, బ్లాసీ... ఈ ముగ్గురూ కలిసి ఆ సరుకుని ఏళ్ల తరబడి నడిపారు.

బ్లాసీ దగ్గరికి యుగోస్లావియాలో పుట్టి రష్యన్ వేషం కట్టిన నికోలాయ్ వోల్కాఫ్ వచ్చాడు. 1976లో టోక్యోలో జపాన్ రెజ్లర్ ఇనోకీతో తలపడ్డ మహమ్మద్ అలీ కూడా తన వెంట మేనేజర్‌గా బ్లాసీనే తీసుకెళ్లాడు. నోటితో టికెట్లు అమ్మడంలో అలీ ఏమన్నా తక్కువ తిన్నాడా! 1979 చివర్లో ఇంకో భారీ కుర్రాడు చేతికొచ్చాడు. పేరు హల్క్ హోగన్. అవును, ఆ హోగనే. మొదట విలన్‌గా, బ్లాసీ పక్కనే పరిచయమయ్యాడు. కొన్నాళ్లకి వెళ్లిపోయాడు.

తర్వాత ఇరాన్‌కి చెందిన ఐరన్ షేక్. ఇరాన్‌లో అమెరికన్లని బందీలుగా పట్టుకున్న ఘటన ఇంకా జనం మనసులో పచ్చిగా ఉంది. 1983 డిసెంబర్ 26న షేక్, బాబ్ బ్యాక్‌లండ్ నుంచి టైటిల్ లాక్కున్నాడు. నెల కూడా తిరక్కుండా, 1984 జనవరి 23న దాన్ని పోగొట్టుకున్నాడు. ఎవరి చేతిలో? హీరోగా తిరిగొచ్చిన హల్క్ హోగన్ చేతిలో! ఇవాళ్టి డబ్ల్యూడబ్ల్యూఈ వ్యాపారం అంత పెద్దదవడానికి ఆ రాత్రే పునాది అంటారు. గెలిచినవాడు బ్లాసీ పాత శిష్యుడు, ఓడినవాడు కొత్త శిష్యుడు. రింగ్ పక్కన చేతికర్రతో నిలబడి, ఓడిపోయిన వైపు ఉండి, తన పని తాను చేసిపెట్టాడు బ్లాసీ. చరిత్ర చెప్పేటప్పుడు అందరూ హోగన్ పేరే చెబుతారు. నా ఓటు మాత్రం ఆ కర్ర పట్టుకున్నవాడికే.

ఆ కర్రకి ఇంకో రోజు కూడా వచ్చింది. 1985 మార్చి 31న మొదటి రెజిల్‌మేనియాలో షేక్, వోల్కాఫ్ జంట ట్యాగ్ టైటిల్ గెలిచింది ఆ కర్ర దెబ్బతోనే.

1983లో కమెడియన్ ఆండీ కాఫ్‌మన్‌తో కలిసి ఒక సినిమా కూడా చేశాడు. కథేం లేదు. లాస్ ఏంజెలెస్‌లో ఒక మామూలు హోటల్లో ఇద్దరూ కూర్చుని టిఫిన్ చేస్తూ మాట్లాడుకుంటారు. అంతే సినిమా!

1986లో తన మనుషుల్ని స్లిక్ అనే కొత్త మేనేజర్‌కి అప్పగించి పక్కకి తప్పుకున్నాడు. అప్పగించడం కూడా టీవీలో కథలాగే, వాటా అమ్మినట్టుగా. 1994లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. తోడుగా ఉన్నది జపాన్‌లో పరిచయమై 1968లో పెళ్లాడిన మియాకో. ఏ దేశం తనని రాక్షసుడిలా చూసిందో ఆ దేశపు అమ్మాయి.

2003 మే 12న ఫిలడెల్ఫియాలో లైవ్ షో. 85 ఏళ్ల బ్లాసీని వీల్‌చెయిర్‌లో తీసుకొచ్చారు. ఎదుటి జట్టు మీదికి టేబుళ్లు తెమ్మని డడ్లీ సోదరులకి గట్టిగా పురమాయించాడు. హాలంతా లేచి అరిచింది. ఈసారి తిట్టడానికి కాదు. మూడు వారాల తర్వాత, జూన్ 2న కన్నుమూశాడు.