డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు

విజయవాడనుండి బందరునకు పోవు మార్గమున ఇంచుమించు సగము దూరములో ఉయ్యూరు అను పట్టణము కలదు. వరిచేలును, చెఱకుతోటలును ఆ ప్రాంతమునకు సంపద. 1855వ సంవత్సరమున విజయవాడవద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ డెల్టా అంతయు సస్యశ్యామలమయ్యెను. అయినను నేల పండినంతమాత్రమున రైతు సుఖపడలేదు. విత్తనములకును, కూలీలకును తొలకరిలో ధనము కావలెను. పంట చేతికి వచ్చునది కుప్పలు నూర్చిన పిదప. ఈ నడుమ నెలలలో రైతు వడ్డీవ్యాపారి గుమ్మము తొక్కక తప్పెడిది కాదు. మఱియొక వంక పంట నమ్ముకొన్నవారి ధనము భోషాణములలో ఊరక పడియుండెడిది. పనిలేక పడియున్న ధనమును పని గలచోటికి చేర్చుటయే బ్యాంకు చేయు మేలు. ఆ మేలును ఆంధ్రులకు కలిగింప బూనిన దేశభక్తుడు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు.

సీతారామయ్యగారు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన గుండుగొలను గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నేడు ఏలూరు జిల్లాలో నున్నది. ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి పట్టభద్రులై, తరువాత వైద్యవిద్య నభ్యసించి, బందరులో వైద్యవృత్తి నారంభించిరి. బందరు ఒకప్పుడు డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు వర్తకము చేసిన గొప్ప రేవు. 1864వ సంవత్సరమున వచ్చిన ఘోరమైన ఉప్పెనలో వేలకొలది జనులు మరణించిరి. ఆ దెబ్బతో పట్టణము తన పూర్వవైభవమును కోల్పోయెను. అట్టి పట్టణమునకు విద్యచేతను, దేశసేవచేతను మఱల పేరు తెచ్చినవారిలో సీతారామయ్యగారు ఒకరు. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు ఆయనకు సహచరులు. ఈ ముగ్గురి కృషివలన 1910వ సంవత్సరమున బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. క్రమముగా సీతారామయ్యగారు రాబడి గల వైద్యవృత్తిని విడిచి, దేశసేవకే అంకితమైరి.

రాజకీయ స్వాతంత్ర్యము మాత్రము చాలదనియు, ఆర్థికముగా కూడ ప్రజలు తమ కాళ్ళపై తాము నిలువవలెననియు ఆయన విశ్వాసము. కాని ఆ రోజులలో బ్యాంకు అను మాట వినినంతనే జనులు భయపడుటకు తగిన కారణము కలదు. 1906వ సంవత్సరమున మద్రాసులో ఆర్బత్‌నాట్ అను పెద్ద ఆంగ్లేయ వర్తకసంస్థ దివాలా తీసెను. దానియందు ధనము దాచుకొన్న వేలకొలది జనులు నష్టపోయిరి. ఉద్యోగము మానినవారి పొదుపు సొమ్ము, వితంతువుల జీవనాధారము ఆ నష్టములో కలిసిపోయెను. ఆ సంస్థ యజమాని శిక్ష పొందెను గాని పోయిన సొమ్ము చాలమందికి తిరిగి రాలేదు. 1913వ సంవత్సరము మొదలుకొని కొన్ని యేండ్లపాటు దేశములో అనేకములైన చిన్న బ్యాంకులు వరుసగా మూతపడెను. మూతపడిన సంస్థలలో పెక్కింటికి వ్యాధి ఒక్కటియే. పైకి లాభములు చూపుచు, లోపల మునిగిన అప్పులను దాచుట. దాచుకొన్నవారి సొమ్మును యజమానులు తమ సొంత సొమ్మువలె వాడుకొనుట.

ఇట్టి కాలమున సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 1923వ సంవత్సరము నవంబరు 20వ తేదీన ఆ సంస్థ రిజిష్టరు కాగా, అదే నెల 28వ తేదీన బందరులో వ్యవహారముల నారంభించెను. దాని అధికృత మూలధనము 10 లక్షల రూపాయలు. వాటాదారులు చెల్లించిన మూలధనము 1 లక్ష రూపాయలు. అధికృత మూలధనమనగా సంస్థ వాటాల రూపమున గరిష్ఠముగా సేకరింపదగిన మొత్తము. చెల్లించిన మూలధనమనగా నిజముగా చేతికి వచ్చినది. ఈ రెంటికిని గల భేదము తెలియనివారు మొదటి అంకెను చూచి మోసపోవుట కలదు. లెక్కలు చదువువారు నేర్వవలసిన మొదటి పాఠమిదియే.

రెండవ పాఠము, సంస్థ వేఱు, స్థాపకుడు వేఱు అనునది. చిన్న దుకాణదారుడు గల్లాపెట్టెలోని ధనమును తీసి యింటికి కూరగాయలు కొనును. అది వ్యాపారపు ఖర్చా, ఇంటి ఖర్చా యని వ్రాసికొనడు. ఏడాది చివర లాభమెంతయో అతనికే తెలియదు. బ్యాంకునందు అట్లు జరుగరాదు. స్థాపకుడు తన సొమ్ము దాచుకొన్నను అది బ్యాంకు అతనికి ఈయవలసిన బాకీయే యగును. వాటాదారులు పెట్టిన మూలధనము సైతము, సంస్థ దృష్టిలో, వారికి చెందవలసిన మొత్తమే. కావుననే మూలధనమును ఆస్తుల పక్షమున గాక, అప్పుల పక్షమున వ్రాయుదురు. ఈ విషయము మొదట వినిన విద్యార్థికి వింతగా తోచును. సంస్థ వేఱొక వ్యక్తియని తలంచినచో వింత తొలగును.

మూడవ పాఠము జంటపద్దు పద్ధతి. ఇటలీ దేశమునందలి వెనిసు నగర వర్తకులు ఈ పద్ధతిని పూర్వమే వాడుచుండిరి. లూకా పాచియోలి అను గణితపండితుడు 1494వ సంవత్సరమున అచ్చైన తన గ్రంథములో దానిని వివరించెను. ప్రతి వ్యవహారమునకును రెండు ముఖములు కలవనియు, రెంటిని వ్రాయవలెననియు దాని సారము. ఒక ఖాతాకు డెబిటు వ్రాసిన మొత్తమును వేఱొక ఖాతాకు క్రెడిటు వ్రాయవలెను. క్రెడిటునే తెలుగున జమ యందురు.

ఉదాహరణమునకు, 1 లక్ష రూపాయల మూలధనము గల ఒక బ్యాంకులో ఉయ్యూరు రైతు ఒకడు ధాన్యము నమ్మిన సొమ్ము 500 రూపాయలు దాచెననుకొందము. బ్యాంకునకు వచ్చినది నగదు గనుక నగదు ఖాతాకు 500 డెబిటు. ఆ సొమ్ము రైతునకు ఈయవలసినది గనుక అతని ఖాతాలో 500 జమ. పిదప బందరు వర్తకుడొకనికి 400 రూపాయలు నూటికి సాలున 9 రూపాయల వడ్డీకి అప్పిచ్చిరనుకొందము. నగదు 400 తగ్గెను. వర్తకుడు ఈయవలసిన బాకీ 400 పెరిగెను. అప్పుడు బ్యాంకు ఆస్తులు నగదు 1,00,100, ఇచ్చిన అప్పు 400, వెరసి 1,00,500 రూపాయలు. అవతలి పక్షమున మూలధనము 1,00,000, రైతు డిపాజిట్టు 500, వెరసి 1,00,500 రూపాయలు. రెండు పక్షములును సమానము. దీనినే ఆస్తి అప్పుల పట్టీ యందురు.

ఏడాది గడచినది. వర్తకుడు వడ్డీ 36 రూపాయలు చెల్లించెను. రైతునకు నూటికి 5 వంతున 25 రూపాయలు వడ్డీ ముట్టెను. మిగిలినది 11 రూపాయలు. గుమాస్తా జీతము, ఇంటి అద్దె మున్నగు ఖర్చులు పోగా మిగులునదే నిజమైన లాభము. ఆ లాభము వాటాదారులది గనుక అదియు అప్పుల పక్షమునకే చేరును. ఆ వర్తకుడు వడ్డీ ఇంకను చెల్లింపకపోయినను, ఆ యేడు రావలసిన వడ్డీని ఆ యేటి లెక్కలోనే చూపుదురు. అట్లే ఈయవలసిన ఖర్చును కూడ చూపుదురు. ఏ యేటి ఫలము ఆ యేటిదేయని తెలియుట కిది యవసరము.

ఆ వర్తకుని వ్యాపారము చెడి 400 రూపాయలు మునిగినచో ఏమగును? రైతునకు ఈయవలసిన 500 రూపాయలలో ఒక్క పైసయు తగ్గదు. నష్టము మొదట లాభమును, పిదప మూలధనమును తినివేయును. కావున మూలధనమును, నిల్వనిధియు దాచుకొన్నవారికి కవచము వంటివి. వసూలుకాదని తోచిన బాకీకి ముందుగనే లాభములోనుండి కొంత తీసి యుంచవలెను. ఇంకను చేతికి రాని లాభమును ఆశతో లెక్కకట్టరాదు. నష్టమును ముందు చూచుట, లాభమును వచ్చిన పిదప చెప్పుట అను జాగ్రత్త యిది. దీనిని విడిచిన సంస్థలే పూర్వము మూతపడెను.

నాటి వ్యవహారమును నాడే చిట్టాలో వ్రాసి, పిదప ఆవర్జాలో ఆయా ఖాతాలకు చేర్చి, నిలువలన్నియు తీసి అంకణా కట్టుదురు. అంకణాలో రెండు పక్షములు సమానమైనచో కూడికలు సరియని చాలవఱకు తెలియును. కాని లెక్క సత్యమని తెలియదు. అసలే వ్రాయని పద్దును అంకణా పట్టుకొనజాలదు. మునిగిన బాకీని మంచి బాకీగా చూపినను రెండు పక్షములు సమానముగనే యుండును. గణితము తప్పును చూపగలదు గాని అబద్ధమును మాన్పజాలదు. కావుననే సంస్థతో సంబంధము లేని తనిఖీదారు పుస్తకములను, రసీదులను, నగదును పరీక్షింపవలెనని చట్టము విధించినది.

సీతారామయ్యగారి జీవితమునందు ఈ నియమముల విలువ బాగుగ తెలియవచ్చినది. ఆయన 1930వ సంవత్సరమున ఉప్పు సత్యాగ్రహములో పాల్గొని చెఱసాలకు వెళ్ళిరి. 1942వ సంవత్సరమున మఱల నిర్బంధింపబడి, ఇతర కాంగ్రెసు నాయకులతో అహమ్మదునగరు కోటలో 1945వ సంవత్సరము వఱకు నుండిరి. స్థాపకుడు కోటగోడల నడుమ నున్నను బ్యాంకు తలుపులు తెఱచియే యుండెను. ఏ రైతు సొమ్ము ఎంతయో, ఏ బాకీ ఎన్నడు రావలెనో ఒక్కరి జ్ఞాపకముపై ఆధారపడియున్నచో ఇది సాధ్యమగునా? పుస్తకములు మనుష్యుని స్థానమున నిలిచి సాక్ష్యము చెప్పును. ఈ నడుమ 1938వ సంవత్సరమున తిరువాన్కూరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కూలిపోగా, దక్షిణదేశమంతటను డిపాజిట్టుదారులు కలవరపడిరి. అట్టి గాలివానలకు ఎన్నియో బ్యాంకులు నేలకొరగినను ఆంధ్రా బ్యాంకు నిలిచెను.

బ్యాంకుతోనే సీతారామయ్యగారు తృప్తిపడలేదు. 1925వ సంవత్సరమున ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని, 1935వ సంవత్సరమున హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. భీమా సంస్థ లెక్క మఱింత జాగ్రత్త కోరును. నేడు వసూలైన ప్రీమియము నేటి లాభము కాదు. అది ఎన్నడో ఒక కుటుంబమునకు చెల్లింపవలసిన మాట. చేతిలోని ధనమంతయు తనదేయని భ్రమించినవాడు అట్టి సంస్థను నడుపజాలడు.

దేశసేవలోను ఆయన ఖ్యాతి పెద్దది. ఆంధ్రులకు ప్రత్యేక కాంగ్రెసు సంఘము నేర్పడుటకును, పిదప ప్రత్యేక రాష్ట్రము కొఱకును ఆయన ఎంతయో పాటుపడిరి. 1935వ సంవత్సరమున కాంగ్రెసు మహాసభ చరిత్రమును ఇంగ్లీషులో రచించిరి. 1939వ సంవత్సరమున కాంగ్రెసు అధ్యక్షపదవికి పోటీచేసి సుభాష్ చంద్రబోసుగారి చేతిలో ఓడిరి. బోసుగారికి 1,580 ఓట్లు, ఆయనకు 1,377 ఓట్లు వచ్చెను. ఆ ఓటమికి క్రుంగక పనిచేసిన ఆయనకు 1948వ సంవత్సరమున అదే పదవి లభించెను. 1952 మొదలు 1957 వఱకు మధ్యప్రదేశ్ గవర్నరుగా నుండి, 1959వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన పరమపదించిరి.

మనుష్యునకు ఆయువు కలదు. సంస్థ మాత్రము సాగుననియే తలంచి లెక్కలు వ్రాయుదురు. సీతారామయ్యగారి పిమ్మటను ఆంధ్రా బ్యాంకు వర్ధిల్లెను. 1980వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము దానిని జాతీయము చేసెను. 2020వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన అది యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయ్యెను. 1923లో వెలసిన ఆ పేరు అంతటితో బోర్డులపైనుండి తొలగెను. ఆంధ్రులనేకులకు అది బాధ కలిగించినమాట నిజము. అయినను ఆనాడు ఆ బ్యాంకులో దాచుకొన్నవారి బాకీలలో ఒక్కటియు మాసిపోలేదు. ఆస్తులతోపాటు అప్పులును కొత్త సంస్థ పుస్తకములకు చేరెను. పేరు మాఱినను ఈయవలసినది ఈయవలసినదే యనుట లెక్కల ధర్మము.

జమాఖర్చుల విద్య ధనవంతులకు మాత్రమే కావలసినదని కొందఱు తలంతురు. నిజమునకు అది పేదవానికే ఎక్కువ రక్ష. నూఱు రూపాయలు దాచుకొన్న కూలివానికి ఆ నూఱును కాపాడునది ఇనుపపెట్టె కాదు. ఎవరో ఒకరు ఎక్కడనో సత్యముగా వ్రాసిన ఒక చిన్న పద్దు. ప్రజల ధనమును చేతపట్టినవారు దానిని తమదిగా గాక ప్రజలకు తాము పడిన బాకీగా తలంపవలెనని సీతారామయ్యగారు స్థాపించిన సంస్థల చరిత్ర బోధించుచున్నది.