శ్రామిక బంధువు వి.వి.గిరి

ఉన్న ఊరిలో పనులు కరువై, ఉత్తరాంధ్ర పల్లెలనుండి రైలెక్కిన మనవారెందరో ఖరగ్‌పూరు రైల్వే కర్మాగారమున శ్రామికులైరి. అట్టి శ్రామికుల పక్షమున నిలిచిన వరాహగిరి వేంకటగిరి గారిని మేమిచ్చట స్మరించుచున్నాము.

1894లో బరంపురమున జన్మించి, ఐర్లండులో న్యాయశాస్త్రము చదివిన వీరు, 1927లో బెంగాల్ నాగపూర్ రైల్వేవారు కార్మికులను తొలగింపబూనగా సమ్మెకు నాయకత్వము వహించిరి. యజమానియు, కార్మికుడును ఎదురెదురుగా కూర్చుండి తగవు తీర్చుకొనుటయే మేలని వీరి అభిప్రాయము. అయినను 1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చినపుడు, కేంద్ర కార్మికమంత్రిగానున్న వీరు ఆ పదవిని త్యజించిరి.

1969లో రాష్ట్రపతియైరి, 1980లో కీర్తిశేషులైరి. రాష్ట్రపతి పదవికన్న ఆ రాజీనామాయే విద్యార్థులు నేర్వదగిన పాఠమని మా విశ్వాసము.