పర్దా నిలబెట్టిన కెమెరా: ముసవ్విర్ జంగ్ రాజా దీన్‌దయాళ్ జీవితం

తెలంగాణ పల్లెల్లో పాతకాలం వాళ్లకు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అంటే మహబూబ్ పాషా. పాము కరిస్తే ఆయన పేరు మీద దుహాయీ ఇస్తే విషం దిగుతుందని జనం నమ్మేవాళ్లు. ఆ నమ్మకంలో హిందువు, ముస్లిం అన్న తేడా లేదు. కానీ ఒక్క మాట ఆలోచించాలి. గోదావరి ఒడ్డున ఉన్న మెండోర లాంటి ఊరికి హైదరాబాద్ దాదాపు రెండొందల కిలోమీటర్లు. ఇటు వైపు రైలు కూడా లేని రోజులవి. ఇప్పటి నిజామాబాద్‌ను అప్పుడు ఇందూరు అనేవాళ్లు. అంత దూరం నుంచి పోయి పాషా ముఖం చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? మరి ఈ రోజు మహబూబ్ పాషా అనగానే సన్నటి మీసం, తలపాగా, నిలువెత్తు ఠీవి మన కళ్ల ముందుకు ఎలా వస్తున్నాయి?

ఫొటోల వల్ల. ఆ ఫొటోల్లో చాలావాటి వెనక నిలబడ్డ మనిషి రాజా దీన్‌దయాళ్. ఆయన నిజాం రాజ్యంలో పుట్టినవారు కాదు, ముస్లిం కూడా కాదు. అయినా ఆసఫ్‌జాహీ దర్బారు షాన్ అంతా ఆయన గాజు పలకల మీదే మిగిలింది.

సర్ధనా నుంచి ఇండోర్ దాకా

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. బేగం సమ్రూ ఏలిన ఊరు అదే. ఇంట్లో నగల వ్యాపారం. ఆ వ్యాపారం పట్టకుండా ఆయన రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నారు. చదువు అయ్యాక ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్‌లో చేరారు. కట్టడాలకు నక్షాలు గీయడం, ఎంత ఖర్చు అవుతుందో అంచనా వేయడం ఆయన పని. సర్కారీ నౌకరీ, నెల నెలా జీతం, ఇజ్జత్. ఆ కాలంలో ఇంతకన్నా ఏం కావాలి?

కానీ 1874 ప్రాంతంలో ఆయన చేతికి కెమెరా వచ్చింది. ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్, ఇంగ్లిష్ అధికారి సర్ హెన్రీ డేలీ ఆయన పనితనం చూసి వెన్ను తట్టారు. 1875-76లో ఇంగ్లండ్ యువరాజు మన దేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటన ఫొటోలు తీసే అవకాశం దక్కింది. 1882-83లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ తిరిగి కోటలు, గుళ్లు, పాత ఇమారతులు తీశారు. నక్షాలు గీసిన కన్ను కాబట్టి గోడ నిటారుగా, స్తంభం సూటిగా, లెక్క తప్పకుండా ఆయన ఫొటోలో పడేది. పేరు పెరిగాక మొదట సెలవు పెట్టారు, తర్వాత ఉద్యోగమే వదిలేశారు. పెన్షన్ వచ్చే కొలువు విడిచి కెమెరాను నమ్ముకోవడం చిన్న సాహసం కాదు. 1885లో వైస్రాయ్ లార్డ్ డఫరిన్ ఆయన్ను తన ఫొటోగ్రాఫర్‌గా నియమించారు.

ఒక్క ఫొటోకు ఎంత తంటా

ఇప్పుడు పెళ్లిళ్లలో ఫొటోలు తీసే కుర్రాళ్లను అడిగితే ఒకరు కెనాన్ తప్ప ఇంకోటి ముట్టరు, ఇంకొకరు నికాన్ మీద ఒట్టు పెట్టుకుంటారు. రీలు కాలంలో కూడా ఇంతే. యాషికా, పెంటాక్స్, నికాన్ అంటూ ఎవరి పిచ్చి వారిది. రీలు కొడాక్‌దా, కోనికాదా అని కూడా పట్టింపు. డిజిటల్ వచ్చినప్పుడు పాత కెమెరా వదల్లేక ఏడ్చినంత పని చేసినవాళ్లు ఉన్నారు. దీన్‌దయాళ్ మొదలుపెట్టిన కాలంలో ఈ పేర్లేవీ మన దగ్గర లేవు. ఉన్నది పెద్ద చెక్క పెట్టె, ముందు అద్దం, మధ్యలో హార్మోనియం లాగా సాగే తోలు తిత్తి, కింద మూడు కాళ్ల స్టాండు.

ఆయన మొదలుపెట్టినప్పుడు అంతటా తడి పలక పద్ధతే నడిచేది. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పరిచి, వెండి లవణం నీళ్లలో ముంచి, అది ఆరకముందే ఫొటో తీయాలి. తీసిన వెంటనే, నిమిషాల్లోనే, చీకట్లో కడగాలి. ఆరిపోతే పలక దండగ. అందుకే ఏ కోట దగ్గరికి పోయినా గాజు పలకలు, మందు సీసాలు, చీకటి గుడారం బండ్ల మీద వెంట రావాలి. ఎండాకాలం మన దగ్గర ఆ ద్రవం ఎంత త్వరగా ఆరుతుందో చెప్పనక్కర లేదు. నల్ల గుడ్డ కింద తల పెట్టి చూస్తే మనిషి తలకిందులుగా కనిపిస్తాడు. నెగటివ్ ఎంత సైజు ఉంటే ఫొటో అంతే సైజు వస్తుంది. పెద్ద ఫొటో కావాలంటే పెద్ద పలక మోయాల్సిందే. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని ఆ పలక కింద పెట్టి ఎండలో ఉంచితే అప్పుడు బొమ్మ దిగుతుంది.

తర్వాత పొడి పలకలు వచ్చాయి. ముందే తయారు చేసి పెట్టుకోవచ్చు, తీరిగ్గా కడుక్కోవచ్చు. దీన్‌దయాళ్ ఈ కొత్త పద్ధతికి మారారు. పాతదాన్నే పట్టుకుని కూర్చోలేదు. అయితే 1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ అనే చేతి పెట్టె తెచ్చాడు. లోపల రీలు, నూరు ఫొటోలు. అయిపోతే పెట్టె మొత్తం కంపెనీకి పంపితే వాళ్లే కడిగి ఇచ్చేవాళ్లు. 1900లో ఒక్క డాలరుకే బ్రౌనీ కెమెరా వచ్చింది. ఎవరైనా ఫొటో తీయొచ్చు అన్న రోజులు మొదలైనా దీన్‌దయాళ్ స్టూడియో పేరు నిలబడింది పెద్ద గాజు పలక మీదే. అందులో జరీ అంచు నూలుపోగు కూడా కనిపిస్తుంది. పనికి పనికొచ్చిన చోట పరికరం మార్చారు, నాణ్యత తగ్గే చోట మార్చలేదు.

హైదరాబాద్ కొలువు

1880ల మధ్యలో దీన్‌దయాళ్ హైదరాబాద్ వైపు వచ్చారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. మహబూబ్ అలీ పాషాకు అప్పుడు ఇరవై ఏళ్లు. మూడేళ్లు కూడా నిండకముందే 1869లో గద్దె మీద కూర్చోబెట్టారు, 1884లో పూర్తి అధికారం చేతికొచ్చింది. పాషాకు వేట అన్నా, మంచి బట్టలన్నా, షాయరీ అన్నా ప్రాణం. ఆసిఫ్ అనే తఖల్లుస్‌తో స్వయంగా రాసేవారు. మహాకవి దాగ్ దెహల్వీ ఆయన ఉస్తాద్. అలాంటి గుణగ్రాహి కొలువులో దీన్‌దయాళ్‌కు చోటు దొరికింది.

1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే ఖితాబు ఇచ్చారు. ముసవ్విర్ అంటే బొమ్మ గీసేవాడు, చిత్రకారుడు. జంగ్ అంటే యుద్ధం. కత్తి పట్టినవాళ్లకు ఇచ్చే బిరుదు కెమెరా పట్టిన మనిషికి దక్కింది. ఉస్తాదులకే ఉస్తాద్ అన్న అర్థంలో పాషా ఆయన మీద ఉర్దూలో ఒక షేర్ కూడా చెప్పారు. ఒక జైన కళాకారుడిని ముస్లిం పాలకుడు అంత ఎత్తున కూర్చోబెట్టడం హైదరాబాద్ తహజీబ్‌లో వింత కాదు.

చౌమహల్లా, బషీర్‌బాగ్, ఫలక్‌నుమా, చార్మినార్ ఆయన పలకల మీదికి ఎక్కాయి. ఆస్మాన్ జా, వికారుల్ ఉమ్రా, మహారాజా కిషన్ ప్రసాద్ లాంటి పెద్దలు ఆయన ముందు కూర్చున్నారు. 1902లో లార్డ్ కర్జన్ వరంగల్ వైపు నెక్కొండ అడవిలో వేటకు వచ్చినప్పుడు చంపిన పులితో దంపతుల ఫొటో తీసింది ఆయనే. అయితే ఆయన కెమెరా దర్బారు దగ్గరే ఆగలేదు. 1899-1900లో ఘోర కరువు పడినప్పుడు నిజాం రాజ్యంలోనే ఉన్న ఔరంగాబాద్ వైపు కరువు సాయం పనులను కూడా ఆయన సంస్థ ఫొటోలు తీసింది. బొక్కలు తేలిన మనుషులు, పని కోసం వచ్చిన గుంపులు అందులో ఉన్నారు. నవాబు షేర్వానీ, కూలీ గోచీ రెండూ ఒకే పనితనంతో దిగాయి.

జనానా స్టూడియో

మన ఇళ్లకు అన్నిటికన్నా దగ్గరైన సంగతి వేరే ఉంది. ఆ రోజుల్లో పర్దా పాటించే ఇళ్ల ఆడవాళ్లకు ఫొటో అనేది లేనట్టే. తస్వీర్ దించుకోవచ్చా లేదా అన్న సంకోచం ఒక పక్క, పరాయి మగవాడి ముందు ముఖం ఎలా చూపిస్తాం అన్న బాధ ఇంకో పక్క. తండ్రుల, కొడుకుల ఫొటోలు గోడ మీద ఉంటాయి, తల్లుల ముఖాలు మాత్రం తర్వాతి తరానికి తెలియకుండానే మట్టిలో కలిసిపోతాయి.

దీన్‌దయాళ్ దీనికి దారి వెతికారు. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల పని చేసేది ఆడవాళ్లే. దాని బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఇంగ్లిష్ మహిళకు అప్పగించారు. ఇంటి మగవాళ్ల గౌరవం పోకుండా, ఆడవాళ్ల ఇష్టం చావకుండా పని జరిగింది. పర్దాను ఎగతాళి చేసి ఉంటే ఒక్క పల్లకీ కూడా ఆ గేటు దాటేది కాదు. పర్దాను అడ్డంగా చూపించి ఊరుకుని ఉంటే ఒక్క బేగం ముఖం కూడా మిగిలేది కాదు. ఆయన గోడ కట్టారు, ఆ గోడ లోపల తలుపు తెరిచారు.

ఈ రోజు ప్రతి చేతిలో ఫోన్ ఉంది. షాదీఖానాలో ఎవరు ఎవరి ఫొటో తీస్తున్నారో, అది ఏ గ్రూపులో తిరుగుతుందో తెలియదు. అడగకుండా తీసిన ఒక్క ఫొటో వల్ల ఆడపిల్లలు ఎన్ని మాటలు పడుతున్నారో ఇళ్లలో అందరికీ తెలిసిందే. నూట ముప్పై ఏళ్ల కింద ఒక ఫొటోగ్రాఫర్ ఎదుటివాళ్ల ఒప్పుదల కోసం విడిగా ఒక ఇమారత్ నడిపారు.

చివరి రోజులు

1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన ఫొటోలకు బహుమతి వచ్చింది. 1896లో బొంబాయిలో స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి నుంచి రాజ సన్నద్ దక్కింది. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ చేతికి అందివచ్చారు. అట్ట వెనక రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్ అని అచ్చు ఉంటే చాలు, ఇంకేం అడగక్కర లేదు అన్నంత నమ్మకం. అప్పటి జనానికి కెమెరా కంపెనీ పేరుతో పని లేదు, తీసిన మనిషి పేరే బ్రాండు.

కానీ 1904లో ధరమ్‌చంద్ చనిపోయారు. కొడుకు పోయిన మరుసటి ఏడాదే, 1905 జూలైలో, దీన్‌దయాళ్ కూడా బొంబాయిలో కన్నుమూశారు. ఉస్తాద్ దాగ్ హైదరాబాద్‌లో పోయింది కూడా అదే ఏడాది. ఆరేళ్లకు, 1911లో, మహబూబ్ పాషా వెళ్లిపోయారు.

గాజు పలక చేయి జారితే ముక్కలవుతుంది. అయినా వేల పలకలను కుటుంబం తరాల పాటు కాపాడుకుంటూ వచ్చింది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు నెగటివ్‌లను సేకరించి భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరు మీద స్టాంపు విడుదల చేసింది. ఇప్పుడు ఆ పలకల బొమ్మలు ఫోన్ స్క్రీన్ మీద కూడా కనిపిస్తున్నాయి.

మన ఇళ్లలోనూ పాత ట్రంకు పెట్టెల అడుగున దాదాలు, నానాల ఫొటోలు ఉంటాయి. చెదలు పట్టకముందే వాటిని బయటికి తీసి, ఎవరు ఎవరో పెద్దవాళ్లను అడిగి వెనక పెన్సిల్‌తో రాసి పెట్టాలి. ఆ పేర్లు చెప్పగలిగేవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నప్పుడే ఆ పని అయిపోవాలి.