జార్జి బీడిల్

1903వ సంవత్సరమున అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున ఒక రైతు ఇంట బీడిల్ జన్మించెను. సేద్యమునకు నిలువవలసినవాడు, ఒక ఉపాధ్యాయిని ప్రోత్సాహమువలన కళాశాలకు పోయెను.

జన్యువులు చేయు పని యేమి? పండ్ల ఈగలతో ఏండ్లతరబడి శ్రమించినను పని నత్తనడక నడచెను. 1941లో బీడిల్, టాటమ్ అను సహచరునితో కూడి, న్యూరోస్పోరా అను రొట్టెబూజును చేపట్టెను. దారపుపోగులవలె అల్లుకొను ఈ బూజు బహు అల్పసంతోషి. చక్కెర, లవణములు, బయోటిన్ అను విటమిను ఉన్న చాలును. తక్కినదంతయు తానే వండుకొనును. దానిపై ఎక్స్-కిరణములు ప్రసరింపజేసి, సంతతిని వేర్వేరు గాజుగొట్టములలో పెంచి పరీక్షించిరి. నూరు చూచిరి, రెండునూర్లు చూచిరి. ఏ లోపమును కానరాలేదు. 299వది మాత్రము బి6 విటమిను అందించినగాని పెరుగలేదు! ఒక జన్యువు చెడగా ఒక రసాయనక్రియ ఆగినది. జన్యువులు ఎంజైముల ద్వారా పనిచేయునని ఇట్లు తేలెను. 1958లో వారిరువురు లెడర్‌బర్గుతో నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

వార్ధక్యమున బీడిల్ మరల మొక్కజొన్న చేలలో దిగి, ఆ పైరునకు మూలమైన అడవిగడ్డిని గూర్చి పరిశోధించెను. 1989లో మరణించెను.