పర్ణపరిశోధకుడు బెడ్డోమ్

పూవు పూయని మొక్కను పోల్చుకోవడం వృక్షశాస్త్రజ్ఞునికి కఠిన పరీక్ష. ఇతర మొక్కల జాతిని కేసరాలు, కాయలు తెలియజేస్తాయి. ఫెర్న్‌కు పువ్వు లేదు, కాయ లేదు. ప్రధానంగా ఆకే ఆధారం. దక్షిణ భారతదేశపు ఫెర్న్‌లను ఓర్పుతో పరిశీలించి, వాటిని వేరుచేసి చూపినవాడు కర్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్.

ఆయన 1830లో లండన్‌లో ఒక న్యాయవాది ఇంట జన్మించాడు. ఆ వృత్తికే శిక్షణ పొందినా మనస్సు అందు నిలువలేదు. పద్దెనిమిదవ యేట ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి భారతదేశానికి వచ్చాడు. అనంతరం మద్రాసు అటవీశాఖలో క్లెగ్‌హార్న్‌కు సహాయకుడై, 1860 నుండి 1882 వరకు ఆ శాఖకు అధిపతిగా ఉన్నాడు. అడవుల రక్షణ ఆయనకు ఉద్యోగధర్మం. ఆకుల అధ్యయనం ఆత్మధర్మం.

ఎడియాంటమ్ ప్రజాతిలోని రెండు జాతులను చూస్తే ఈ పనిలోని కష్టం బోధపడుతుంది. రెండింటి ఆకుకొనలూ నేలను తాకి వేళ్లూని కొత్త మొక్కలవుతాయి. దూరం నుండి రెండూ ఒకటే. దగ్గరగా చూస్తే కాడేటమ్ నూగుతో గరుకుగా ఉంటుంది. దాని పత్రకాలకు తొడిమ ఉన్నదా లేదా అన్నట్లుంటుంది, పై అంచు లోతుగా చీలి ఉంటుంది. లూన్యులేటమ్ నున్నన, దాని పత్రకం అర్ధచంద్రాకారంలో ఉండి సన్నని తొడిమపై నిలుస్తుంది.

1863లో ప్రారంభమైన ఆయన దక్షిణ భారత ఫెర్న్‌ల గ్రంథంలో 271 చిత్రఫలకాలు ఉన్నాయి. ఆకు అడుగున సిద్ధబీజాశయాల గుంపులు గుండ్రంగా ఉన్నాయా, గీతలుగా ఉన్నాయా, వాటిని కప్పే పలుచని పొర ఎట్టిది, ఈనెలు విడిగా సాగాయా, వలవలె అల్లుకున్నాయా అన్నవే ఇట్టి పరిశీలనకు ప్రమాణాలు. ఇక్కడే విద్వాంసులలో భేదం వచ్చింది. హుకర్, బేకర్ 1868 నాటి తమ గ్రంథంలో పాలిపోడియం అన్న ఒకే ప్రజాతిలో చేర్చిన పెక్కు మొక్కలను బెడ్డోమ్ వేర్వేరు ప్రజాతులుగా నిలిపాడు. హుకర్ వంటి మహాపండితుని మార్గాన్ని కాదనడం ఒక అటవీ అధికారికి సామాన్య విషయం కాదు. తరువాత పేర్లు మారినా, వాటిలో అనేకం నేడు వేరుగానే లెక్కింపబడుతున్నాయి.

ఆయన దృష్టి ఫెర్న్‌లకే పరిమితం కాలేదు. తిరుపతి కొండల బంగారు బల్లిని 1870లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆయనే. బెడ్డోమ్ 1911లో ఇంగ్లాండులో కన్నుమూశాడు. తిరుమల, కడప కొండలలో పెరిగే ఒక సైకస్‌కు డయ్యర్ 1883లోనే ఆయన పేరు పెట్టాడు. వెడల్పైన, చదునైన పత్రకాలు గల సైకస్ సిర్సినాలిస్ నుండి దానిని వేరుచేసే గుర్తు కూడా ఆకులోనే ఉంది: దాని పత్రకాలు సన్ననివి, అంచులు వెనుకకు ముడుచుకొని ఉంటాయి.