పదకొండోసారి గెలిచిన యారోస్లావ్ ద్రోబ్నీ

టెన్నిస్ అనగానే మన పిల్లలకి జొకోవిచ్, అల్కరాజ్ గుర్తుకొస్తారు. మా వయసు వాళ్ళకి సాంప్రాస్, అగస్సీ, స్టెఫీ గ్రాఫ్, లియాండర్ పేస్. హైదరాబాదు వాళ్ళయితే సానియా మీర్జా పేరు ఎత్తకుండా ఊరుకోరు. వీళ్ళందరికీ చాలా ముందు, 1954లో వింబుల్డన్ గెలిచిన ఒకాయన కథ ఈసారి మన సావనీరులో చెప్పుకుందాం. ఆయన పేరు యారోస్లావ్ ద్రోబ్నీ.

పిల్లలూ, ఈ పేరుని ఇంగ్లీషులో ‘జె’ అక్షరంతో మొదలుపెట్టి రాస్తారు కానీ ‘య’ అని పలకాలి. స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు మన పేర్లు ఎన్ని వంకర్లు తిరుగుతాయో మీకు బాగా తెలుసు కాబట్టి, కనీసం ఆయన పేరైనా మనం సరిగ్గా పలుకుదాం. చెక్ భాషలో ద్రోబ్నీ అంటే చిన్న అని అర్థం. మన చిన్నయ్య, చిన్నారావు లాంటి పేరన్నమాట.

ఛాంపియన్ల కథలు చాలా ఉన్నాయి. వాటిల్లో ఈయన కథే ఎంచుకోవడానికి కారణం ఉంది. వింబుల్డన్‌లో నాలుగు వేర్వేరు దేశాల పేర్లతో ఆడిన మనిషి ఆయన. మీరెక్కడివాళ్ళని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోవడం ఎలా ఉంటుందో మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన సంగతే కదా!

బంతులు ఏరిన కుర్రాడు

ద్రోబ్నీ 1921 అక్టోబర్ 12న ప్రాగ్ నగరంలో పుట్టారు. అప్పటికి చెకోస్లొవేకియా అనే దేశం పుట్టి మూడేళ్ళే అయింది. తండ్రి ఒక టెన్నిస్ క్లబ్బులో కోర్టులు చూసుకునే ఉద్యోగి. అంటే కోర్టు చదును చేయడం, గీతలు గీయడం, నెట్ కట్టడం లాంటి పనులు. ఆ క్లబ్బుకి ఆడటానికి వచ్చేవాళ్ళు డబ్బున్నవాళ్ళు, బంతులు ఏరి అందించేది మన యారోస్లావ్. పెద్ద ఆటగాళ్ళు ఎలా ఆడుతున్నారో రోజూ దగ్గర నుంచి చూసి, ఖాళీ దొరికినప్పుడల్లా రాకెట్ పట్టుకునేవాడు. ఎడమచేతి వాటం. చలికాలం వచ్చి కోర్టులు గడ్డకడితే ఐస్ హాకీ ఆడేవాడు. రెండు ఆటలూ అలా ఒకేసారి అబ్బాయి.

1938లో, పదహారేళ్ళ వయసులో, మొదటిసారి వింబుల్డన్‌లో ఆడాడు. పేరు పక్కన చెకోస్లొవేకియా అని ఉంది. మరుసటి సంవత్సరం మార్చిలో హిట్లర్ సైన్యం ప్రాగ్‌లోకి వచ్చింది. ఆ ఏడు వింబుల్డన్‌కి వెళ్ళేసరికి ఆయన దేశం పేరు బొహీమియా-మొరావియా అయిపోయింది. అదే ఇల్లు, అదే వీధి, దేశం మాత్రం వేరు. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1940 నుంచి 1945 దాకా వింబుల్డన్ పోటీలే జరగలేదు. ఆటగాడికి పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసంటే బంగారం లాంటి కాలం. అదంతా అలా పోయింది.

యుద్ధం అయ్యాక 1946లో తిరిగి వచ్చి అమెరికా ఆటగాడు జాక్ క్రేమర్‌ని ఓడించి అందరినీ ఆశ్చర్యపరిచారు. అదే ఏడు ఫ్రెంచ్ ఫైనల్లో రెండు సెట్లు గెలిచి కూడా, చివరికి ఐదు సెట్లలో మార్సెల్ బెర్నార్డ్ చేతిలో ఓడిపోయారు. హాకీలో మాత్రం 1947లో ప్రాగ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టులో ఉన్నారు. 1948 సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్స్‌లో వాళ్ళ జట్టు కెనడాతో మ్యాచ్ 0-0 తో డ్రా చేసుకుని, గోల్స్ లెక్కలో వెనకబడి రజత పతకంతో సరిపెట్టుకుంది. హాకీలో తగిలిన దెబ్బ వల్ల ఆయన చూపు దెబ్బతింది. అందుకే టెన్నిస్ కోర్టులో ఎప్పుడూ రంగు కళ్ళద్దాలతోనే కనిపించేవారు.

రెండు చొక్కాలు, యాభై డాలర్లు

1948 ఫిబ్రవరిలో చెకోస్లొవేకియాలో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. ఆటగాళ్ళు ఎక్కడ ఆడాలో, ఎవరితో ఆడాలో ప్రభుత్వమే చెప్పడం మొదలైంది. 1949 వింబుల్డన్ ఫైనల్లో ద్రోబ్నీ టెడ్ ష్రోడర్ చేతిలో ఐదు సెట్లలో ఓడిపోయారు. ఆ తర్వాత కొద్ది రోజులకే, జూలై 11న, స్విట్జర్లాండ్‌లోని గ్‌స్టాడ్ పట్నంలో టోర్నమెంట్ ఆడుతుండగా ప్రాగ్ నుంచి ఆజ్ఞ వచ్చింది. జర్మనీ, స్పెయిన్ ఆటగాళ్ళు ఉన్న పోటీలో మీరు ఆడకూడదు, వెంటనే వచ్చేయండని దాని సారాంశం.

ద్రోబ్నీ, ఆయన సహ ఆటగాడు వ్లాదిమీర్ చెర్నిక్ వెళ్ళలేదు. ఇక ఎప్పటికీ వెళ్ళకూడదని అక్కడే నిర్ణయించుకున్నారు. ఆ రోజు ద్రోబ్నీ దగ్గర ఉన్నవి రెండు చొక్కాలు, పళ్ళు తోముకునే బ్రష్, యాభై డాలర్లు.

ఇక్కడ పిల్లలకి ఒక సంగతి చెప్పాలి. మనమూ దేశం విడిచి వచ్చినవాళ్ళమే. కానీ మనం వీసా స్టాంపింగ్ చేయించుకుని, రెండు పెద్ద సూట్‌కేసుల నిండా ఆవకాయ, కందిపొడి, ప్రెషర్ కుక్కర్ సర్దుకుని, ఎయిర్‌పోర్టులో అమ్మానాన్నల కాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చాం. వేసవి సెలవుల్లో తాతగారింటికి వెళ్ళి వస్తున్నాం. ఆయన వెనక తలుపు మూసుకుపోయింది. వలస వచ్చినవాళ్ళకీ కాందిశీకులకీ ఉన్న తేడా అదే. మీ క్లాసులో అలా వచ్చిన కుటుంబాల పిల్లలు ఉండొచ్చు. వాళ్ళని సెలవులకి మీ ఊరెళ్ళలేదా అని అడిగేముందు ఒక్క క్షణం ఈ కథ గుర్తు చేసుకోండి.

ఆయన తిరిగి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. 1950 మార్చిలో ప్రపంచ పోటీలకి లండన్ వెళ్ళాల్సిన చెక్ హాకీ ఆటగాళ్ళని, దేశం వదిలి పారిపోతారన్న అనుమానంతో ప్రభుత్వం అరెస్టు చేసింది. వాళ్ళకి ఏళ్ళ తరబడి జైలు శిక్షలు పడ్డాయి. వాళ్ళలో ద్రోబ్నీతో కలిసి ఆడినవాళ్ళూ ఉన్నారు.

దేశం వదిలాక కాగితాల కష్టం మొదలైంది. పాస్‌పోర్ట్ లేనిదే ఏ టోర్నమెంటుకీ వెళ్ళలేరు. ఒకటి రెండు దేశాల తలుపులు తట్టినా పని జరగలేదు. చివరికి ఆదుకున్నది ఈజిప్టు. అక్కడ ఫారూక్ రాజు పాలన. ద్రోబ్నీకి పౌరసత్వం, పాస్‌పోర్ట్ ఇచ్చారు. 1952లో రాజు గద్దె దిగినా పౌరసత్వం నిలిచింది. 1950 నుంచి ఆయన పేరు పక్కన ఈజిప్టు అని రాశారు. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ప్రయారిటీ డేటు చూసుకునే మనవాళ్ళకి ఆ కాగితం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఓటమి మీద ఓటమి

కొత్త పాస్‌పోర్టుతో ఆయన ఆట ఆగలేదు. 1951, 1952లలో వరసగా ఫ్రెంచ్ టైటిల్ గెలిచారు. అంతకుముందు అదే కోర్టులో మూడు ఫైనల్స్ పోగొట్టుకున్నారు. మట్టి కోర్టుల మీద ఆయన డ్రాప్ షాట్లకి మంచి పేరు. కానీ గడ్డి కోర్టు వింబుల్డన్ మాత్రం చేతికి అందలేదు. 1952లో మళ్ళీ ఫైనల్‌కి వచ్చి ఫ్రాంక్ సెడ్జ్‌మన్ చేతిలో ఓడిపోయారు.

1953లో అమెరికా ఆటగాడు బడ్జ్ ప్యాటీతో ఆడిన మూడో రౌండ్ మ్యాచ్ చరిత్రలో నిలిచిపోయింది. అప్పట్లో టై-బ్రేక్ లేదు. ఎవరో ఒకరు రెండు గేముల ఆధిక్యం సాధించేదాకా సెట్ సాగుతూనే ఉండేది. 8-6, 16-18, 3-6, 8-6, 12-10. మొత్తం 93 గేములు, నాలుగు గంటలకు పైగా ఆట. ప్యాటీకి ఆరుసార్లు గెలుపు ఒక్క పాయింటు దూరంలోకి వచ్చింది. ఆరుసార్లూ ద్రోబ్నీ తప్పించుకున్నారు. చీకటి పడుతుండగా గెలిచారు. కానీ కాలికి దెబ్బ తగిలింది. కుంటుతూనే సెమీఫైనల్ దాకా వెళ్ళి, అక్కడ డెన్మార్క్ ఆటగాడు కర్ట్ నీల్సన్ చేతిలో ఓడిపోయారు. వయసు ముప్పై దాటింది, కాలు బాగాలేదు, ఇక ఈయన పని అయిపోయిందని అనుకోనివాళ్ళు తక్కువ.

1954 జూలై 2

మరుసటి ఏడు వింబుల్డన్ నిర్వాహకులు ఆయనకి పదకొండో సీడింగ్ ఇచ్చారు. అంటే ఆయనకంటే మెరుగైనవాళ్ళు పదిమంది ఉన్నారని వాళ్ళ లెక్క. వింబుల్డన్‌లో ఆడటం కూడా ఆయనకి అది పదకొండోసారే. క్వార్టర్ ఫైనల్లో రెండో సీడ్ లూ హోడ్‌ని వరస సెట్లలో ఓడించారు. సెమీస్‌లో మళ్ళీ ఎదురైంది ఎవరనుకున్నారు? అదే బడ్జ్ ప్యాటీ. ఈసారి నాలుగు సెట్లలో ముగించారు.

ఫైనల్లో ప్రత్యర్థి ఆస్ట్రేలియా కుర్రాడు కెన్ రోజ్‌వాల్. వయసు పంతొమ్మిది. ద్రోబ్నీకి ముప్పై రెండు. మొదటి సెట్టే 24 గేములు సాగి 13-11 తో ద్రోబ్నీకి దక్కింది. రెండోది 4-6 తో పోయింది. మూడోది 6-2. నాలుగోది మళ్ళీ సాగింది, సాగింది, చివరికి 9-7. పదహారేళ్ళ క్రితం కుర్రాడిగా అడుగుపెట్టిన చోట, నెత్తిన వయసు, కళ్ళకి అద్దాలు, చేతిలో పరాయి దేశం పాస్‌పోర్టుతో ద్రోబ్నీ ఛాంపియన్ అయ్యారు. 1914లో నార్మన్ బ్రూక్స్ తర్వాత వింబుల్డన్ పురుషుల సింగిల్స్ గెలిచిన మొదటి ఎడమచేతి ఆటగాడు కూడా ఆయనే.

సెంటర్ కోర్టు చప్పట్లతో మారుమోగిపోయింది. అక్కడ కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లీషువాళ్ళు. గెలిచినవాడు తమవాడు కాదు, ఓడినవాడిది తమ కామన్వెల్త్ దేశం. అయినా వాళ్ళ మనసు ద్రోబ్నీ వైపే ఉంది. ఎందుకంటే ఆయన ఓటములన్నీ వాళ్ళు కళ్ళారా చూశారు. యుద్ధం తర్వాత ఏటా వేసవిలో వచ్చి, ఆడి, ఓడి, మళ్ళీ వచ్చే మనిషిని చూసి చూసి తమ ఇంటి మనిషిలా అనుకున్నారు. ఆయన భార్య రీటా కూడా ఇంగ్లాండ్ టెన్నిస్ క్రీడాకారిణే. దేశం లేని మనిషికి ఆ మధ్యాహ్నం సెంటర్ కోర్టే ఊరు అయింది. పాస్‌పోర్ట్ ఆఫీసులో ఇచ్చే పౌరసత్వం వేరు, జనం ఇచ్చే పౌరసత్వం వేరు. రెండోదానికి అప్లికేషన్ ఉండదు.

ఇదే 1954 వింబుల్డన్‌లో మనవాళ్ళు గర్వపడే సంగతి ఇంకోటి ఉంది. మద్రాసు నుంచి వచ్చిన రామనాథన్ కృష్ణన్ జూనియర్ టైటిల్ గెలిచాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఇంకా ఏడాది కూడా కాలేదు. తర్వాత 1960, 1961లలో కృష్ణన్ వింబుల్డన్ సెమీఫైనల్స్ దాకా వెళ్ళాడు.

ఆ తర్వాత

అప్పట్లో గెలిచినవాళ్ళకి డబ్బు బహుమతి లేదు. కప్పు, పేరు, అంతే. ద్రోబ్నీ 1955లో తన ఆత్మకథ వెలువరించారు. 1959లో బ్రిటన్ పౌరసత్వం వచ్చింది. 1960లో చివరిసారి వింబుల్డన్‌లో ఆడినప్పుడు పేరు పక్కన బ్రిటన్ అని ఉంది. అలా నాలుగో దేశం. లండన్‌లోనే స్థిరపడి ఆటవస్తువుల దుకాణం నడిపారు. 1983లో టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, 1997లో ఐస్ హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2001 సెప్టెంబర్ 13న, 79 ఏళ్ళ వయసులో లండన్‌లో కన్నుమూశారు. అమెరికాలో ఉన్న మనందరి కళ్ళూ ఆ వారం న్యూయార్క్ దృశ్యాలు చూపిస్తున్న టీవీలకే అతుక్కుపోయాయి. ఆయన మరణవార్త మనలో చాలామంది చూసి ఉండరు.

ఆయన నడిచిన దారిలోనే 1975లో ప్రాగ్ నుంచి ఇంకో ఎడమచేతి ఆటగత్తె వచ్చింది. పద్దెనిమిదేళ్ళ మార్టినా నవ్రతిలోవా అమెరికాలో ఉండిపోయి, తర్వాత వింబుల్డన్ సింగిల్స్ తొమ్మిదిసార్లు గెలిచింది.

మరి ఓడిపోయిన రోజ్‌వాల్? ఆయన ఎన్నో పెద్ద టైటిల్స్ గెలిచినా వింబుల్డన్ మాత్రం ఎప్పుడూ గెలవలేదు. 1956, 1970, మళ్ళీ 1974లో ఫైనల్స్ ఆడి ఓడిపోయాడు. ఆఖరి ఫైనల్ నాటికి ముప్పై తొమ్మిదేళ్ళు. ఒకప్పుడు ద్రోబ్నీ కోసం చప్పట్లు కొట్టిన అదే సెంటర్ కోర్టు అప్పుడు రోజ్‌వాల్ గెలవాలని కోరుకుంది. కష్టపడి మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళందరికీ చివర్లో కప్పు దొరుకుతుందని పిల్లలకి చెప్పడం అబద్ధం అవుతుంది. కానీ మళ్ళీ వచ్చేవాళ్ళని జనం మర్చిపోరన్నది మాత్రం నిజం. ఈ ఇద్దరి కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు తోచింది ఇదే.

తల్లిదండ్రులారా, వచ్చే జూలైలో పిల్లలతో కూర్చుని వింబుల్డన్ చూసేటప్పుడు విజేతల జాబితా ఒకసారి తీయండి. 1954 దగ్గర ద్రోబ్నీ పేరు, దాని పక్కన ఈజిప్టు అని ఉంటుంది. ప్రాగ్‌లో పుట్టినాయన పేరు పక్కన ఈజిప్టు ఎందుకుందని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అప్పుడు ఈ కథ మీరే చెప్పండి. వీలైతే తెలుగులో చెప్పండి!